ఒకటి చాలా? రెండు పెట్టాలా?



ఈ స్మారకోపన్యాసానికి టాపిక్ ఏమిటని కమిటీ వారు ఫోన్ చేసి అడిగారు. 'ఐవీఎఫ్‌లో ఎన్ని పిండాలు పెట్టాలి' అన్నాను. అవతల కాసేపు మాట లేదు. "ఇంకాస్త పెద్ద విషయం తీసుకోకూడదా డాక్టరు గారూ" అన్నారు మెల్లగా. ఎవరి పేరున ఈ సభ జరుగుతోందో ఆ మేడం ఉండి ఉంటే ఆ మాట అనేవారు కాదు. ప్రసూతి వార్డులో ఆవిడ చెప్పిన పాఠాల్లో పెద్ద మాటలు ఉండేవే కావు. పొట్ట మీద చెయ్యి వేసి తల ఎటుందో చెప్పమనేవారు. చెప్పాక, రెండో తల ఉందేమో వెతకమనేవారు. స్కానింగ్ అందరికీ అందని రోజులవి. కవలలంటే బయట చుట్టాలు మిఠాయి పంచుకునేవారు. మేడం మాత్రం ఇంటికి ఫోన్ చేసి ఆ రాత్రికి రానని చెప్పేవారు.

నేను గైనకాలజిస్టును కాను. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్ని చూసే డాక్టర్ని. కార్పొరేట్ ఆసుపత్రుల్లో తరచూ సంతాన సాఫల్య కేంద్రం ఒక అంతస్తులో ఉంటుంది, మా ఎన్ఐసీయూ ఇంకో అంతస్తులో ఉంటుంది. అక్కడ తీసుకున్న నిర్ణయాన్ని ఏడెనిమిది నెలల తర్వాత మేం తూకం వేసి గ్రాముల్లో రాస్తాం. కాబట్టి ఈ విషయంలో నాకు మాట్లాడే హక్కు లేదనకండి.

కథ మొదలైంది ఒక్కదానితోనే. 1978 జులై 25న ఇంగ్లండులోని ఓల్డమ్ పట్టణంలో ప్రపంచంలోనే మొదటి టెస్ట్‌ట్యూబ్ బేబీ లూయీ బ్రౌన్ పుట్టింది. డాక్టర్ స్టెప్టో, శాస్త్రవేత్త ఎడ్వర్డ్స్, ఎంబ్రియాలజిస్టు జీన్ పర్డీ కలిసి ఆ తల్లికి మందులతో అండాలు పెంచలేదు. ఆ నెల సహజంగా ఎదిగిన ఒకే అండాన్ని తీశారు, ఒకే పిండాన్ని పెట్టారు. సరిగ్గా అదే ఏడాది అక్టోబరు 3న కలకత్తాలో దుర్గ పుట్టింది. డాక్టర్ సుభాష్ ముఖోపాధ్యాయ్ హార్మోన్ ఇంజెక్షన్లతో అండాలు పెంచి, పిండాన్ని గడ్డకట్టించి దాచి, తర్వాతి నెలల్లో గర్భంలో పెట్టారు. అప్పటి ప్రభుత్వం వేసిన కమిటీ ఆయన మాట నమ్మలేదు. 1981లో ఆయన ఆత్మహత్య చేసుకున్నారు. ముంబై కేఈఎం ఆసుపత్రిలో 1986 ఆగస్టులో పుట్టిన పాపే దేశంలో మొదటి టెస్ట్‌ట్యూబ్ బేబీ అని చాలాకాలం చెప్పుకున్నాం. ఆ బిడ్డ పుట్టుకలో పాలుపంచుకున్న శాస్త్రవేత్త టి.సి. ఆనంద్ కుమార్ స్వయంగా ముఖోపాధ్యాయ్ కాగితాలు చదివి, మొదటి పేరు ఆయనదేనని 1997లో ప్రకటించారు. ఈ కథను ఊరికే చెప్పడం లేదు. పిండాన్ని పాడవకుండా దాచి మరో నెలలో పెట్టగలగడం, ఈ ఉపన్యాసానికి ఇరుసు అదే. దాన్ని మనవాడొకడు మొదటి ఏడాదే చేసి చూపించాడు.

మధ్యలో దారి తప్పింది. ఇంజెక్షన్లు బాగా పనిచేయడం మొదలయ్యాక ఒకేసారి పది, పదిహేను అండాలు రావడం మామూలైంది. ల్యాబులు మాత్రం అంతగా ఎదగలేదు. పెట్టిన పిండం నిలవడం అరుదు. దాస్తే చాలా పిండాలు కరిగించేటప్పుడే పోయేవి. అలాంటప్పుడు డాక్టరు ఏం చేస్తాడు? ఉన్నవాటిలో మూడో నాలుగో ఒకేసారి పెట్టేస్తాడు, ఒకటైనా నిలవకపోతుందా అని. ఆనాటి పరిస్థితిలో అందులో తప్పు లేదు. మన ఐసీఎంఆర్ 2005లో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా మామూలుగా మూడుకు మించవద్దనే అన్నాయి. అంటే మూడు పెట్టొచ్చు. ల్యాబులు మారాయి, అలవాటు మిగిలింది.

టెస్ట్‌ట్యూబ్ బేబీ మాటొస్తే గాంధారి నేతికుండల్ని గుర్తుచేసేవారు ప్రతి సభలోనూ ఒకరుంటారు. అది సైన్సా కాదా అన్న తగువులోకి దిగను. ఒక్కటి మాత్రం గమనించండి. నూటొక్క ముక్కలు చేతిలో ఉన్నా వ్యాసుడు కుండకొకటి చొప్పునే పెట్టాడు.

కవలలు పుడితే నష్టమేమిటి, లవకుశుల్లా పెరగరా అని అడుగుతారు. పెరుగుతారు. మా వార్డు నుంచి ఇంటికెళ్లిన కవలల్లో ఎక్కువమంది బాగానే ఉన్నారు. కానీ కవలల్లో సగానికి పైగా 37 వారాలు నిండకముందే పుడతారు. ముగ్గురైతే సగటున 32, 33 వారాలకే. తల్లికి బీపీ, షుగర్, కాన్పయ్యాక రక్తస్రావం, అన్నీ ఒక్క బిడ్డ మోసేవారికంటే ఎక్కువ. పిల్లల్లో సెరిబ్రల్ పాల్సీ ప్రమాదం కవలలకే కొన్ని రెట్లు ఎక్కువ, ముగ్గురైతే ఇంకా ఎన్నో రెట్లు. ఇవి పుస్తకంలో మాటలు. ఇంక్యుబేటరు బాక్సు దగ్గర అదెలా ఉంటుందో చెప్తాను.

31 వారాలకు పుట్టిన బిడ్డ కిలోన్నర ఉంటే సంతోషిస్తాం. ముక్కులో ఊపిరికి తోడ్పడే సీపాప్ గొట్టాలు, నోట్లోంచి పొట్టలోకి సన్నటి పాలగొట్టం. మొదటి రోజుల్లో రెండు గంటలకోసారి ఒకటో రెండో మిల్లీలీటర్ల తల్లిపాలు సిరంజిలోంచి వాటంతటవే జారేలా పెడతాం. ఈ పిల్లలు మధ్యమధ్యలో ఊపిరి తీసుకోవడం మరిచిపోతారు. మానిటర్ మోగగానే నర్సు వచ్చి అరికాలి మీద వేలితో తడుతుంది. మళ్లీ గుర్తొస్తుంది. ఇక 30 రోజులు నిండేలోపు కంటి పరీక్ష తప్పదు. రెటీనాలో రక్తనాళాలు వంకరగా పెరిగితే లేజర్ చేయాలి, ఆలస్యమైతే చూపు పోతుంది. హైదరాబాదులో ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి వారు 1990ల చివరి నుంచి ఇలాంటి పిల్లల్ని వెతికి వెతికి చూస్తున్నారు కాబట్టి మన ప్రాంతంలో ఎందరికో చూపు దక్కింది. కంగారూ కేర్ అని బిడ్డను తల్లి గుండెల మీద చర్మానికి చర్మం తగిలేలా పడుకోబెడతాం. పిల్లలు ముగ్గురైతే ఎవరిని ముందు పడుకోబెట్టాలి? సిజేరియన్ కుట్లతో ఉన్న తల్లి వంతులు వేసుకుంటుంది. మూడోవాడిని చొక్కా విప్పుకుని తండ్రి ఎత్తుకుంటాడు. మన మగవాళ్లు మొదట సిగ్గుపడతారు, రెండో రోజుకు కుర్చీ వదలరు.

అలాంటి ఒక తండ్రి సంగతి చెప్తాను. పల్నాడు వైపువాళ్లు, పెళ్లయి తొమ్మిదేళ్లు. మూడో నెల స్కానింగులో ముగ్గురని తేలాక గైనకాలజిస్టు వారిని నా దగ్గరకు పంపారు, పుట్టబోయే పిల్లల గురించి ముందే మాట్లాడమని.

"రెండే పెట్టారండి," అన్నాడు అతను. "కాగితంలో కూడా రెండనే రాసుంది. ముగ్గురెలా అయ్యారండి? ల్యాబులో ఏమైనా కలిసిపోయాయా?"

కలిసిపోలేదు, ఒకటి విడిపోయింది. ఐవీఎఫ్‌లో పెట్టిన పిండం తానే రెండుగా చీలడం నూటికి ఒకరిద్దరిలో జరుగుతుంది. అయిదో రోజు దాకా ల్యాబులో పెంచిన పిండాల్లో కాస్త ఎక్కువ. ఒకటి పెడితే అరుదుగా ఇద్దరు, రెండు పెడితే అరుదుగా ముగ్గురు. ఆ ముగ్గురిలో ఇద్దరు ఒకే మాయను పంచుకుంటున్నారు. ఒకరి రక్తం ఇంకొకరికి దారి మళ్లే ప్రమాదం ఉంది. ఇలాంటప్పుడు పిండాల సంఖ్య తగ్గించే పద్ధతి ఒకటుంది. మూడో నెల చివర్లో సూదితో ఒక పిండం గుండెలోకి పొటాషియం క్లోరైడ్ ఎక్కించి ఆపేస్తారు. కానీ మాయ పంచుకున్న ఇద్దరిలో ఒకరిని అలా ఆపడం కుదరదు, మందు రెండోవారికీ చేరుతుంది. ఆపితే ఆ ఇద్దరినీ, లేదా విడిగా ఉన్న ఒక్కరిని. తొమ్మిదేళ్లు ఎదురుచూసిన మనిషికి ఈ మాటలు చెప్పడానికి నాకు తెలిసిన తెలుగంతా చాల్లేదు.

ఆ అమ్మాయి అంతసేపూ నేల చూసి, చివరికి అంది: "ఒకటి పెడతామనే అన్నారండి మేడం గారు. మేమే రెండూ పెట్టేయమన్నాం. మళ్లీ ఆ ఇంజెక్షన్లు నావల్ల కాదండి. మా అత్తమ్మ కూడా ఒకే కాన్పులో ఇద్దరైతే పనైపోతుంది కదే అంది. బంగారం బ్యాంకులో ఉందండి. రెండోసారికి పెట్టడానికి ఏం లేదు."

ఆమెను తెలివితక్కువదని అనగలమా? ఆమె చేతిలో ఉన్న లెక్క ప్రకారం రెండు పెట్టించుకోవడమే సరైన లెక్క. ఒక్క ప్రయత్నానికి అటూఇటూగా రెండు లక్షలు, బీమా రాదు, గెలిస్తే గెలిచినట్టు, ఓడితే ఉత్త చేతులు. అలాంటి ఆటలో ఉన్నవన్నీ ఒకేసారి వేసేస్తారు ఎవరైనా. ఆమెను ఆ ఆటలోకి నెట్టిన రేటు కార్డుతోనే నా పేచీ.

పిల్లలు 31 వారాలకు పుట్టారు. ముగ్గురూ దక్కారు, ఒకడికి కంటి లేజర్ పడింది. ఐవీఎఫ్‌కు పెట్టిన డబ్బు ఎన్ఐసీయూ బిల్లు పక్కన చిన్నదైపోయింది. బంగారం తర్వాత పొలం కాగితాలు కూడా బయటికొచ్చాయి.

పిండాలు పెట్టే గదిలోకి నేను ఒకసారి అనుమతి అడిగి వెళ్లి నిలబడ్డాను. మత్తు ఉండదు. మూత్రసంచి నిండా నీళ్లతో ఆమె బల్ల మీద పడుకుని ఉంటుంది, అలా ఉంటేనే స్కానింగులో గర్భసంచి బాగా కనిపిస్తుంది. గోడలోని చిన్న కిటికీ తెరుచుకుంటుంది. ఎంబ్రియాలజిస్టు ఆమె పేరు, భర్త పేరు పైకి చదువుతాడు, ఆమె ఔనంటుంది. మెత్తటి కేథటర్‌లో రెండు చుక్కలు కూడా లేని ద్రవం, దానిలో పిండం. డాక్టరు దాన్ని లోపల వదలగానే తెర మీద తెల్లగా ఒక మెరుపు కనిపిస్తుంది. భార్యాభర్తలు అదే తమ బిడ్డ అనుకుని ఫోన్లో ఫొటో తీసుకుంటారు. నిజానికి అది పిండంతోపాటు వెళ్లిన గాలి బుడగ. పిండం కంటికి కనిపించేంత పెద్దది కాదు. తర్వాత కేథటర్‌ను మైక్రోస్కోపు కింద పెట్టి, ఏమీ మిగల్లేదని ఎంబ్రియాలజిస్టు చెప్పేదాకా ఎవరూ కదలరు. మొత్తం పది నిమిషాల పని. ఆ పది నిమిషాలకు ముందు, గౌను వేసుకుని కుర్చీలో కూర్చున్న ఆమెను అడుగుతారు: "రెండు మంచివి వచ్చాయి. ఒకటి పెట్టమంటారా, రెండూనా?" ఇంత పెద్ద ప్రశ్న అడగడానికి అంతకంటే పనికిరాని సమయం నాకు తోచడం లేదు.

ఇప్పుడు అంకెలకు వస్తాను. స్వీడన్, నార్వే, డెన్మార్క్ కేంద్రాల్లో చేసిన పరిశోధన 2004లో న్యూ ఇంగ్లండ్ జర్నల్‌లో వచ్చింది. 36 ఏళ్లలోపు వయసు, కనీసం రెండు మంచి పిండాలు ఉన్న 661 మంది స్త్రీలు. చీటీలు వేసినట్టు రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు రెండు పిండాలు ఒకేసారి పెట్టారు. రెండో జట్టుకు ఒకటి పెట్టారు, అది నిలవకపోతే దాచిన ఇంకొకటి తర్వాతి నెలల్లో పెట్టారు. మొదటి జట్టులో నూటికి దాదాపు 43 మంది తల్లులయ్యారు. రెండో జట్టులో దాదాపు 39 మంది. మరి కాన్పుల్లో కవలలెంత? మొదటి జట్టులో 33 శాతం, రెండో జట్టులో ఒక్క శాతం కూడా లేదు. నాలుగు కాన్పులు అదనంగా రావడానికి ప్రతి నూరు మందికీ పద్నాలుగు కవల గర్భాలు మూల్యం. అదీ పాతకాలపు నెమ్మది ఫ్రీజింగ్‌తో. ఇప్పుడు విట్రిఫికేషన్ వచ్చింది, క్షణాల్లో గాజులా గట్టిపరిచి మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌లో పెడతారు. కరిగించాక పదింట తొమ్మిది బతుకుతాయి. ఆ నాలుగు కాన్పుల తేడా కూడా ఇప్పుడు అంత ఉండదు.

ఆ పరిశోధనలోనే ఇంకో అంకె ఉంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. రెండో జట్టులో మొదటి పిండంతోనే తల్లులైనవారు నూటికి 28 మంది. అంటే మొదటి ప్రయత్నం దగ్గరే లెక్క ఆపేస్తే 43, 28. రెండు పిండాలూ వాడేదాకా చూస్తే 43, 39. పిండాలు పెట్టిన చేతులూ అవే, ల్యాబులూ అవే. లెక్క ఎక్కడ ఆపామన్నదే తేడా. ఇప్పుడు మన ఊళ్లలో హోర్డింగులు చూడండి, 'విజయశాతం 70', '80' అని. దేన్ని విజయం అంటున్నారు? చాలాచోట్ల గర్భం కోసం రెండు వారాలకు చేసే బీటా రక్తపరీక్ష పాజిటివ్ వస్తే చాలు, విజయమే. గుండె చప్పుడు వినిపించాలా, బిడ్డ పుట్టాలా, నెలలు నిండి పుట్టాలా అనేది ఆ బోర్డు మీద ఉండదు. బీటా దగ్గర లెక్క ఆపే కేంద్రానికి రెండు పెట్టడమే లాభం. అండాలు ఒకసారి తీస్తే వచ్చిన పిండాలన్నీ అయ్యేసరికి ఎందరు ఒంటి బిడ్డతో, నిండు నెలలతో ఇంటికెళ్లారని లెక్క రాయమంటే అదే కేంద్రం ఒకటి పెడుతుంది. డాక్టర్లు మారనక్కర్లేదు, పద్దు మారితే చాలు.

బయట దేశాల్లో జరిగింది ఇదే. బెల్జియం 2003 జులై నుంచి ఆరు ఐవీఎఫ్ ప్రయత్నాల ల్యాబు ఖర్చు ప్రభుత్వమే భరిస్తానంది. షరతు ఒకటి పెట్టింది: 36 ఏళ్లలోపు స్త్రీకి మొదటిసారి ఒక్క పిండమే పెట్టాలి. కవలలు తగ్గితే పిల్లల ఐసీయూల్లో మిగిలే డబ్బుతో ఈ ఖర్చు పూడుతుందని లెక్క వేసుకున్నారు. మా వార్డు బిల్లు చదివిన ప్రభుత్వం అది! అదే ఏడాది స్వీడన్ ఒకటే పెట్టడాన్ని నియమం చేసింది. కెనడాలోని క్యూబెక్ రాష్ట్రం 2010లో ఖర్చు తానే పెట్టుకోగానే, ఐవీఎఫ్ గర్భాల్లో నాలుగోవంతు దాకా ఉన్న కవలల, ముగ్గురి గర్భాలు పది శాతం లోపుకు దిగాయి. బ్రిటన్‌లో డబ్బు సంగతి అంత సాఫీగా లేదు. అయినా అక్కడి నియంత్రణ సంస్థ ప్రతి కేంద్రం పేరుతో అంకెలు బయటపెడుతుంది, పెట్టిన ఒక్కో పిండానికి ఎన్ని కాన్పులని లెక్క వేస్తుంది. 1990ల్లో 28 శాతం ఉన్న కవలల, ముగ్గురి కాన్పులు 2019కి 6 శాతానికి వచ్చాయి. పిల్లలు పుట్టడం తగ్గలేదు, పెరిగింది. ఇక రాత్రికి రాత్రి టీవీల్లోకెక్కిన కాలిఫోర్నియా వ్యవహారం, పన్నెండు పిండాలు పెడితే 2009లో ఎనిమిదిమంది పుట్టినది, మీకు గుర్తుండే ఉంటుంది. ఆ డాక్టరు లైసెన్సు పోయింది. అలాంటి వింతలతో మనకు పని లేదు. మన సమస్య ఎనిమిదిమంది కాదు, రోజూ మామూలుగా పుట్టే ఇద్దరు.

ఐవీఎఫ్ లాంటి పద్ధతుల మీద మన చట్టం 2021లో వచ్చింది. స్త్రీకి 50, పురుషుడికి 55 ఏళ్ల హద్దు పెట్టింది, పిండాలను పదేళ్లకు మించి దాచకూడదంది. పక్కనే సరోగసీ నిబంధనలు 2022లో వచ్చాయి. సరోగేట్ తల్లికి ఒక్క పిండమే పెట్టాలని, ప్రత్యేక పరిస్థితుల్లో మాత్రమే మూడు దాకా అని వాటిలో ఉంది. ఆ మొదటి వాక్యం ప్రతి తల్లికీ పనికొచ్చేదే.

అందరికీ ఒకటేనా అని గైనకాలజిస్టులు అడుగుతారు. కాదు. 40 దాటిన స్త్రీ తన సొంత అండాలతో వస్తే పిండాల్లో ఎక్కువ భాగానికి క్రోమోజోముల లోపం ఉంటుంది. అక్కడ రెండు పెట్టినా ఇద్దరు నిలవడం అరుదు. అమెరికాలోని సంతాన సాఫల్య వైద్యుల సంఘం వయసుతోపాటు సంఖ్యను పెంచుతుంది, యూరప్‌లోని అలాంటి సంఘం ఎవరికైనా రెండు దాటవద్దంటుంది. నా మొగ్గు యూరప్ వైపు. మూడుసార్లు మంచి పిండాలు పెట్టినా నిలవని జంటకు రెండు పెడతామంటే నేను గొడవపడను. కానీ ఒక మంచి పిండానికి తోడుగా నాసిరకం దాన్ని 'వృథా ఎందుకు' అని కలిపి పెట్టే అలవాటుంది చూడండి, అది మాత్రం మానాలి. గెలుపు చెప్పుకోదగ్గంత పెరగదు, కవలల అవకాశం పెరుగుతుంది.

అన్నిటికంటే నన్ను కలవరపెట్టేది దాత అండాల సంగతి. 45 ఏళ్ల ఆమెకు 'వయసెక్కువ కదా, రెండు పెడదాం' అంటారు. పిండం వయసు అండం ఇచ్చిన దాతది, పాతికో ముప్పయ్యో. అది నిలిచే శక్తి కూడా ఆ వయసుదే. మోయాల్సిన గుండె, కిడ్నీలు, రక్తనాళాలు మాత్రం 45 ఏళ్లవి. పిండం బలంగానూ ఒళ్లు బలహీనంగానూ ఉన్నచోటే రెండు పెడుతున్నాం! 2019 సెప్టెంబరులో గుంటూరులో 70 దాటిన ఒక తల్లి దాత అండాలతో కవల ఆడపిల్లలను కన్నప్పుడు టీవీలన్నీ ప్రపంచ రికార్డు అన్నాయి. తర్వాత వచ్చిన వయసు హద్దు అలాంటి కాన్పులను ఆపింది. 48 ఏళ్ల ఆమెకు రెండు పెట్టడాన్ని ఆపలేదు. దాత అండాలున్నా, పాత సిజేరియన్ కుట్లున్నా, బీపీ, షుగర్ ఉన్నా, గర్భసంచి ఆకారంలో తేడా ఉన్నా రెండో పిండం మాటే ఎత్తకూడదని నేను అంటాను.

నేను అడిగేవి ఈ ఊళ్లోనే, ఈ ఏడే చేయగలిగినవి. ఎన్ని పెట్టాలన్న మాట మొదటిసారి వచ్చినరోజే, అండాలు తీయకముందే, భార్యాభర్తలతో, వీలైతే అత్తగారిని కూడా కూర్చోబెట్టి మాట్లాడండి. మాట్లాడేటప్పుడు ఎన్ఐసీయూలో ఒక రోజు బిల్లు నకలు బల్ల మీద పెట్టండి, నేనిస్తాను. ప్యాకేజీ రేటులో మొదటి ప్రయత్నంతోపాటు దాచిన పిండం పెట్టే రెండో ప్రయత్నాన్నీ కలిపేయండి. 'ఒకటి పెడితే మళ్లీ డబ్బు' అన్న భయం అప్పుడుండదు, పల్నాడు అమ్మాయి కూడా ఒకటే అనేది. సికింద్రాబాద్ గాంధీ ఆసుపత్రిలో ప్రభుత్వం ఐవీఎఫ్ కేంద్రం తెరిచింది. ప్రైవేటువారు ముందుకు రాకపోతే అక్కడైనా ఈ లెక్కతో మొదలుపెట్టొచ్చు. ఒక్కసారి అండాలు తీశాక ఎందరు ఒంటి బిడ్డతో నిండు నెలలకు కాన్పయ్యారో ఏటా గోడ మీద రాసి పెట్టొచ్చు. దానికి కొత్త యంత్రం అక్కర్లేదు, ఒక రిజిస్టరు చాలు.

ఎదుటి వరసల్లో కూర్చున్న గైనకాలజిస్టుల్లో సగంమంది నాతో ఏకీభవించరని మొహాలు చూస్తేనే తెలుస్తోంది. మైకు మీకే ఇస్తున్నాను, అడగండి.